మధ్య పుస్తకం

మా మరిది పోయిన సంగతి నాకు మెట్ల దగ్గర తెలిసింది. ఉదయం కాఫీ ఇవ్వడానికి పైకి వెళ్లిన మనవరాలు గ్లాసుతోనే సగం మెట్లు దిగి ఆగిపోయి, "నానమ్మా, చిన తాతయ్య లేవట్లేదు" అంది. గ్లాసులో కాఫీ ఒక్క చుక్క కూడా తొణకలేదు. ఎందుకో నేను ముందు దాన్నే చూశాను. తరువాత పైకి వెళ్లాను. ఎప్పటిలాగే ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

నా భర్తకు ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. ఎలమంచిలి నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చి, వన్‌టౌన్‌లో మా ఇంటి పై గదిలో చేరి, అక్కడే రిటైరై, అక్కడే పోయాడు. నా భర్త పోయాక ఈ ఇంట్లో నన్ను "వదినా" అని పిలిచే గొంతు ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అదీ లేదు.

నేను లెక్కల టీచరుగా పనిచేశాను. కచ్చితంగా ఉండడం నాకు అలవాటు, నా చుట్టూ ఉన్నవాళ్లకు అది కష్టం. మా మరిది గురించి ఒక తప్పు మాట బయట తిరుగుతోంది. ఆ తప్పులో సగం నాది. దాన్ని దిద్దకుండా అతన్ని తలుచుకోవడం నాకు చేతకాదు. అందుకని మొదటి నుంచీ చెబుతాను.

నెలనెలా వచ్చే బొమ్మల కథల పుస్తకాలు మీలో చాలామంది చిన్నప్పుడు చదివే ఉంటారు. అమ్ముడుపోక మిగిలిన సంచికలను ఆ రోజుల్లో మూడేసి కలిపి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, అంచులు వేడితో అతికించి రైల్వే స్టేషన్లలో అమ్మేవారు. పై పుస్తకం అట్ట ఇటు నుంచి కనిపిస్తుంది. అడుగు పుస్తకం అట్ట అటు నుంచి కనిపిస్తుంది. మధ్యలో ఏముందో కవరు చింపితే గానీ తెలియదు. మా మరిది ముప్పై ఏళ్లకు పైగా ఆ కట్టలను, సీలు విప్పనివాటిని మాత్రమే, పోగుచేశాడు. మొత్తం అరవై మూడు. వాటికి నెంబర్లు వేసి రిజిస్టరు రాసింది నేను. పై అట్టకు ఒక గడి, అడుగు అట్టకు ఒక గడి, మధ్య పుస్తకానికి ఒక గడి. మూడో గడిలో ప్రతిసారీ "తెలియదు" అని రాసేదాన్ని. ప్రతిసారీ గొడవే.

"తెలీదని రాస్తావేటి వదినా. నాను సెప్తన్నాను కదా. ఇందులో మాంత్రికుడి గుర్రం కథుంది."

"నువ్వు చూశావా?"

"సూడలేదు."

"మరి?"

"అంచు సూడు. ఎర్ర గీత కనపడతంది. గుర్రానికి ఎర్ర జీనుంటాది కదా."

"ఎర్ర గీత ఉందని రాస్తాను. గుర్రాన్ని రాయను."

"రాయకు. అది ఎలాగూ నీ రిజిస్టర్లో నిలబడదు. ఎగిరీ గుర్రం."

మధ్యాహ్నం భోజనం అయ్యాక అతని గది ఒక వింత లోకంగా ఉండేది. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లని పొడి మా కిటికీల మీద రోజూ పడుతుంది. చేతులు రెండుసార్లు కడుక్కుని, పొడి తువ్వాలుతో తుడుచుకుని, కట్టలను మంచం మీద పరిచి, ఫ్యాను కింద అప్పడాల్లా ఒక్కొక్కటే తిరగేసేవాడు. వానాకాలంలో కవర్లకు చెమ్మ పట్టకుండా అది మందు. మనవరాలు చిన్నప్పుడు ఆ మంచం అంచున కూర్చునేది. అతను ఒక కట్ట ఎత్తి వెలుతురుకు పట్టి, లోపలి కథ చూసి చదువుతున్నట్టే చెప్పేవాడు. నేను తలుపు దగ్గర బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. కళ్లు మూతలు పడుతుంటే కథలో రాజ్యం ఎక్కడ ఆగిందో, మా వీధి ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. కానీ మరునాడు అదే కట్టకు ఇంకో కథ చెబితే మాత్రం ఊరుకునేదాన్ని కాదు.

"నిన్న ఈ పన్నెండో నెంబరులో రాజు అడవికి పోయాడన్నావు."

"పోనాడు. ఇయ్యాల వచ్చీసినాడు." నవ్వి, మెల్లిగా అనేవాడు: "సూసేస్తే ఒకటే కథ వదినా. సూడకపోతే ఎన్నయినా."

ఉద్యోగంలో అతను క్రేను నడిపేవాడు. "అన్నేళ్లు పెట్టెలు ఎత్తినాను, దించినాను. లోపల ఏటుందో ఒక్కటీ నాకు సూపించనేదు" అని తరచు అనేవాడు. కోపంగా కాదు. తను చూసిన పెద్ద సంగతిలాగా.

అరవై మూడింటిలో నలభై ఒకటో కట్ట వేరు. అతనికి పదేళ్లప్పుడు ఒక సీరియల్ వచ్చేదట. ముత్యాల కోసం సముద్రంలో మునిగే ఒక పిల్లకు అడుగున పడి ఉన్న ఓడలోంచి గంట వినిపిస్తుంది. రోజూ ఒకే వేళకు. ఎవరు కొడుతున్నారో చూద్దామని ఆ పిల్ల ఓడలోకి దిగుతుంది. తలుపు తీయబోతుండగా "వచ్చే సంచికలో ముగింపు" అని వేశారు. ఆ నెల వానలకు రైళ్లు ఆగిపోయి ఎలమంచిలి స్టేషనుకు పుస్తకాలే రాలేదు. తమ్ముడి కోసం మా వారు మూడు రోజులు వానలో తడుస్తూ స్టేషనుకు వెళ్లి వచ్చారట. ఆ తలుపు వెనక ఎవరున్నారో మా మరిదికి అరవై ఏళ్లుగా తెలియదు. ఈ కట్టల పిచ్చికి మూలం అదే.

నలభై ఒకటో కట్టను సంపాదించి తెచ్చినవాడు మా వీధి చివర తాళాలు బాగుచేసే భాయ్. అతనికీ ఇదే పిచ్చి, అతనికీ ఆ ముగింపు తెలియదు. ఆ కట్టకు పై అట్ట ముగింపుకు ముందు నెలది. అడుగు అట్ట తరువాతి నెలది. మధ్యలో ఉండవలసింది ఏదో ఎవరైనా చెప్పగలరు. ఎనిమిదేళ్లు ఆ ఇద్దరూ దాన్ని మధ్యలో పెట్టుకుని టీ తాగారు.

"తెరిచెయ్ బావా" అనేవాడు భాయ్. "ఊరందరికీ తాళాలు తీసేవోణ్ణి పక్కనెట్టుకుని కవరు సింపడానికి భయమేటి నీకు?"

"ఉండనీ బావా. ఇందులో లేదనుకో, మరింకెక్కడ ఎతకాలి?"

పోయిన వేసవిలో షుగరు మా మరిది కళ్ల మీదికి వచ్చింది. ఆపరేషన్ చేసినా చూపు నిలబడలేదు. ఒక మధ్యాహ్నం నన్ను పైకి పిలిచాడు. భాయ్ ఆ వారం ఊళ్లో లేడు.

"వదినా, నలభై ఒకటి తీసి సదివీ. నీ మొహం కూడా మసగ్గా కనపడతంది. ఇంకా ఆగితే నాకు ధైర్యం ఉండదు."

కత్తెరతో అంచు కత్తిరించాను. ఇన్నేళ్లు లోపలే ఉండిపోయిన కొత్త కాగితం వాసన గదిలోకి వచ్చింది. అతను దాన్ని గట్టిగా పీల్చుకున్నాడు. మధ్య పుస్తకం తీశాను. అది పిల్లల పజిళ్ల ప్రత్యేక సంచిక. చుక్కలు కలిపితే ఏనుగు. కుందేలుకు దారి చూపండి.

"ఉందా?" అన్నాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పరీక్ష ఫలితం కోసం కూర్చున్న పిల్లవాడిలా ఉన్నాడు.

తప్పు లెక్కను ఒప్పు అని నేను ఏ పిల్లకూ ఎన్నడూ చెప్పలేదు. "ఉంది" అన్నాను.

ఏనుగు బొమ్మ చూస్తూ చదవడం మొదలుపెట్టాను. పిల్ల తలుపు తోసింది. లోపల చీకటి. చేపలు తప్పుకున్నాయి. గంట కనిపించింది. నీటి ప్రవాహానికి దానంతట అదే ఊగుతోంది, అంతే. కథ అయిపోయింది.

అతను తల కొంచెం వంచి చెవి నా వైపు పెట్టాడు. తరువాత అన్నాడు: "పేజీ తిప్పలేదు వదినా."

నా చేతుల్లోకి చూసుకున్నాను. మొదటి నుంచీ ఒకే పేజీ పట్టుకుని కూర్చున్నాను.

"అరవై ఏళ్ల కథ ఒక్క పేజీలో అయిపోద్దా? తిప్పు." పెదవుల చివర నవ్వు ఉంది. లేదని తెలిసిపోయింది అతనికి. తెలిసీ అడుగుతున్నాడు. పేజీ తిప్పాను, చప్పుడయ్యేలా.

అప్పుడు నా నోటి వెంట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. గంట కొడుతున్నది ఆ ఓడలో వంటవాడు. ఓడ మునిగిందని అతనికి ఎవరూ చెప్పలేదు. రోజూ వండి, భోజనాల వేళకు గంట కొట్టి, ఎవరూ రావడం లేదేమా అని చూస్తున్నాడు. పిల్లను చూసి, "ఇంత ఆలస్యమా" అని కోప్పడ్డాడు.

"మరి సెప్పినాదా ఆ పిల్ల? ఓడ ములిగిపోనాదని?"

ఇంకో పేజీ తిప్పాను. "లేదు. కూర్చుని అన్నం తిన్నది."

అతను నవ్వడం మొదలుపెట్టి, చాలాసేపు నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. "అన్నయ్య తడిసిందానికి సరిపోనాది" అన్నాడు.

మరునాటి నుంచి ఫోను పట్టుకుని, కట్టలు సేకరించే స్నేహితులందరికీ ముగింపు దొరికిందని, వంటవాడేనని చెప్పాడు. నేను కేకలేస్తే, "సదివింది నువ్వే కదా" అన్నాడు. రిజిస్టరులో మాత్రం మూడో గడిలో "పజిళ్ల సంచిక" అనే రాశాను. ఏం రాశావని అతను అడగలేదు. నాలుగు నెలల తరువాత పోయాడు.

అందుచేత, ఆ సంచిక కోసం మా ఇంటికి ఫోన్లు చేస్తున్నవారికి చెబుతున్నాను. అది మా దగ్గర లేదు. ఎప్పుడూ లేదు. మీరు విన్న ముగింపు అచ్చయినది కాదు. ఇందులో మా మరిది తప్పు ఏమైనా ఉంటే, వదిన మాట నిలబెట్టడమే.

పదో రోజు భోజనాలకు భాయ్ వచ్చాడు. ఊరి నుంచి వచ్చాక వంటవాడి సంగతి అతనూ విన్నాడు గానీ, పుస్తకం చూపించమని అడగలేదు. ముందుగా అతనికే చెప్పవలసి ఉంది. పై గదిలోకి తీసుకెళ్లి, విప్పిన కట్ట చేతికిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఏనుగు పేజీని చాలాసేపు చూశాడు. మోసం చేశారమ్మా అంటాడనుకున్నాను. అనడానికి అతనికి హక్కుంది.

"అయితే అమ్మా," అన్నాడు చివరికి, "ఆ పిల్ల అన్నం తిన్నాక పైకొచ్చినాదా మరి?"

"అంతవరకు నేను ఆలోచించలేదు."

"ఆలోసించండి. నాను కూకుంటాను."

కూర్చున్నాడు. కిటికీలోంచి చూశాను. ఓ పెద్ద ఓడ పోర్టు లోపలికి వస్తోంది. డాబాల మీదుగా పై భాగం మాత్రమే కనిపిస్తూ, చప్పుడు లేకుండా, ఓడ కదులుతోందో మా వీధి కదులుతోందో తెలియనంత మెల్లగా జరుగుతోంది. వెనక డెక్కు అంచున తెల్ల బట్టల్లో ఒక మనిషి నిలబడి పెద్ద గిన్నె వంచాడు. కడిగిన నీళ్లు ఎండలో మెరుస్తూ, ఎంతసేపో కిందికి పడుతూనే ఉన్నాయి.