మావయ్యగారి గ్రహశకలం

మా మావయ్య ఆకాశాన్ని నమ్మడు. మిగతా విషయాల్లో బంగారం లాంటి మనిషి. ఆయన కుట్టిన కోటు తొడుక్కుంటే ఎంతటివాడికైనా బొజ్జ కనబడదు. కానీ ఏదో గ్రహశకలం భూమిని గుద్దుకోవచ్చని పేపర్లో చదివిన రోజు నుంచి, ఎవరికీ తేదీ తిన్నగా చెప్పడం మానేశాడు.

"ప్యాంటు ఎప్పుడిస్తారు?"

"శుక్రవారం. రాయి పడకపోతే."

"అది వచ్చేది ఏడేళ్లకి కదండీ!"

"ముందే బయల్దేరిందేమో, ఎవరు చూశారు?"

రసీదుల మీద కూడా అదే రాసేవాడు. ఓ వకీలుగారు కోటుకి గుడ్డ ఇచ్చి, రసీదు చదివి, "ఇది ఏ కోర్టులోనూ చెల్లదయ్యా" అన్నారు. "రాయి పడ్డాక కోర్టు మాత్రం ఉంటుందాండీ?" అన్నాడు మావయ్య. వకీలుగారు పాపం, కొలతలిచ్చి వెళ్లారు.

నేను ఆయన మేనకోడల్ని. పదేళ్లుగా ఆ కొట్లో కాజాలు కుట్టేది నేనే. మామూలప్పుడైతే నవ్వుకునేదాన్ని గానీ, ఆ ఏడు నాకు ఒళ్లు మండిపోయేది. కొట్టు వెనక గదిలోనే అత్తయ్య ఉంది మరి. ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. మళ్లీ వచ్చే అవకాశం వందలో రెండని డాక్టరమ్మ చెప్పింది. అత్తయ్యకి ఆ రెండే వినబడ్డాయి. ఎంతటివాళ్లనైనా దులిపి ఆరేసే మనిషి, గోడకేసి తిరిగి పడుకుంది. ఆర్నెల్ల పరీక్షకి ఆస్పత్రికి రమ్మంటే, "నేను రాను, నన్నొదిలేయండి" అనేది.

ఈ మహానుభావుడేమో సరిగ్గా ఆ గది గుమ్మంలోనే నిలబడి పేపరు గట్టిగా చదివేవాడు.

"ఇవాళ్టికి వందలో రెండట!"

"మావయ్యా, నీకు బుద్ధుందా? ఆ మాట ఆవిడ ముందా?"

"రాయి సంగతేనే తల్లీ."

మర్నాడూ చదివాడు. ఆ మర్నాడు టేపు మెళ్లో వేసుకుని, "రెండంటే మాటలా! ఇంక కొత్త గుడ్డ కత్తిరించడం దండగ" అని గట్టిగా నిట్టూర్చి, వకీలుగారి కోటు గుడ్డ మడతపెట్టి బీరువాలో పెట్టేశాడు.

అప్పుడు వినబడింది వెనక గదిలోంచి, ఆర్నెల్లుగా నేను మరిచిపోయిన గొంతు.

"వందలో రెండంటే, తొంభై ఎనిమిది పాళ్లు పడదనే కదండీ! ఆ మాత్రానికి చేతులు ముడుచుక్కూర్చుంటారా? ముందు ఆ గుడ్డ తీసి కత్తిరించండి!"

అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏదీ, మళ్లీ చెప్పు. ఎంతా?" అన్నాడు మావయ్య.

"తొంభై ఎనిమిది!"

"మరైతే పద, పరీక్షకి."

అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, అన్నిసార్లు ఆయన్ని తిట్టినందుకు సిగ్గూ వేసింది.

"మీ అసాధ్యం కూలా! ఇందుకా ఈ వేషాలన్నీ?"

"నాకేం తెలుసే? లెక్క చెప్పింది నువ్వు."

"చాల్లెండి సంబడం. ఆ చొక్కా నిండా దారప్పోగులే! మార్చుకు రండి, ఆస్పత్రిలో నా పరువు తీస్తారు."

మావయ్య ఒక్క పరుగున వెళ్లి మార్చుకొచ్చాడు. ఇంతమందికి చొక్కాలు కుట్టే మనిషి, గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకొచ్చాడు. దానికీ తిట్లు పడ్డాయి. ఒక్కొక్కటీ నవ్వుతూ తిన్నాడు.