పాముపెట్టెలో వేడి పెంచిందెవరు

దగ్గరికి జరిగి కూర్చోండి, పిల్లల్ని కూడా పిలవండి. నేను పాముల దగ్గర కొలువు చేసిన సంగతి చెబుతాను.

రెండువేల సంవత్సరం మార్చిలో నన్ను సింగపూర్ శివారు క్రాంజీలోని ఒక ప్రదర్శన తోటలో పాముల గదికి కీపరుగా వేశారు. మనవాళ్ళు కంప్యూటర్ ఉద్యోగాలకని వారంవారం సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. ఆదివారమైతే పిల్లలతో మా తోటకే వచ్చేవారు. అంతకుముందు ఏడేళ్ళు నేను బిల్డింగ్ సైట్లలో పరంజాలు కట్టాను. చదివింది మూడో తరగతి.

ఆ ఎండల్లో పాముకు వేడెందుకంటారేమో. వచ్చినవాళ్ళ కోసం గదిలో ఏసీ ఆపేవారు కాదు. ఆ చలికి ఆఫ్రికా కొండచిలువకు తిన్నది అరగదు. అందుకని పెట్టె అడుగున ఒక పక్క కరెంటు మ్యాట్ పరిచి, రెండో పక్క చల్లగా వదిలేస్తాం. ఎటు కావాలంటే అటు పాకుతుంది. థర్మోస్టాట్ డబ్బా మీద మర తిప్పి నంబరు పెడితే వేడి అక్కడ ఆగుతుంది. డబ్బా నుంచి పెట్టెలోకి ఒక సన్న తీగ పోతుంది; అదెందుకో తెలియదు. అప్పటికి నాకు తెలిసింది అంతే.

నా కింద హెల్పరు వీరయ్య, కరీంనగర్ వైపువాడు. మాట తక్కువ. పెట్టె వెనక్కి వంగి చెయ్యి పెట్టడం రెండుసార్లు చూశాను. అడిగితే ఏమీ లేదన్నాడు. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఒక సోమవారం పెట్టెలు కడిగాను. ఆ రోజు వీరయ్యను పక్షుల షెడ్డుకు పంపారు. మొహం ముడుచుకుని వెళ్ళాడు. సాయంత్రం చూస్తే కొండచిలువ పొట్ట ఎర్రగా కాలి ఉంది. వెంటనే దాన్ని వేరే పెట్టెకు మార్చి, మ్యాట్ కరెంటు ఆపేశాను. పాముకు అడుగున కాలుతున్నా వెంటనే తెలియదు. గది తాళంచెవులు మా ఇద్దరి దగ్గరే ఉన్నాయి. కోపంతో మధ్యాహ్నం వచ్చి మర పెంచి, మళ్ళీ పాత నంబరుకే తిప్పేసి ఉంటాడనుకున్నాను. నేను చూసినదీ, అనుకున్నదీ మేనేజరుకు చెప్పేశాను.

మేనేజరు వీరయ్యను పిలిచి, "ముట్టుకున్నావా, లేదా? సింపుల్ క్వశ్చన్ లా" అని సింగపూర్ యాసలో అడిగాడు.

ఇంతకు ముందు తీగ బయట కనబడితే లోపల పెట్టానని, ఆ రోజు మాత్రం రాలేదని వీరయ్య చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. వచ్చే మంగళవారం పని పర్మిట్ రద్దు చేసి ఇంటికి పంపేస్తామన్నారు. అంతవరకు పక్షుల షెడ్డులోనే ఉండమని, అతని తాళంచెవి లాక్కున్నారు. అయినా నాకు అనుమానం తీరక, మర మీద కాగితం ముక్క అంటించాను. ఎవరు తిప్పినా చిరుగుతుంది.

తర్వాతి సోమవారం పొద్దున మళ్ళీ పెట్టెలు కడిగి, మ్యాట్ కరెంటు వేశాను. మధ్యాహ్నానికి మ్యాట్ మీద చెయ్యి పెట్టలేకపోయాను. కాగితం చిరగలేదు. గదిలోకి నేను తప్ప ఎవరూ రాలేదు. డబ్బా దగ్గర నుంచి ఆ సన్న తీగను పట్టుకుని వెతుక్కుంటూ పోతే, దాని కొన గోడకున్న కొక్కేనికి వేలాడుతోంది. దాని మీద ఏసీ గాలి కొడుతోంది.

దాన్ని తగిలించింది నేనే. సైట్లో వైరు నేల మీద ఉంటే ఫైను; ఎప్పుడూ కొక్కేనికి ఎత్తి కట్టాలి. ఆ అలవాటుతో, కడిగినప్పుడల్లా తడవకూడదని ఎత్తి పెట్టేవాణ్ణి. ఆ కొన మ్యాట్‌కు ఆని ఉంటేనే డబ్బాకు వేడి తెలుస్తుంది. చలిలో వేలాడితే ఇంకా వేడెక్కలేదనుకుని కరెంటు ఇస్తూనే ఉంటుంది. నేను కడిగిన ప్రతిసారీ వీరయ్య దాన్ని దించి లోపల పెట్టేవాడు.

అప్పటికప్పుడు మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. పర్మిట్ రద్దు ఆగింది. పాముల గది వీరయ్యకిచ్చి, నన్ను హెల్పరుగా పక్షుల షెడ్డుకు మార్చారు. తాళంచెవి నా చేతి నుంచి తీసుకుంటూ వీరయ్య, "మేనేజరు దగ్గరికి పోయే ముందు నన్నొక్క మాట అడిగితే ఏం పోయేదన్నా?" అన్నాడు. అతను నాతో మామూలుగా మాట్లాడటానికి ఏడాది పట్టింది.

తర్వాత ఇంకో పదకొండేళ్ళు ఆ తోటలోనే చేశాను. వేడి తేడా వస్తే ముందు తీగను కొనదాకా చేత్తో తడిమేవాణ్ణి. తర్వాత హెల్పరు ఏం చూశాడో అడిగేవాణ్ణి. మేనేజరు దగ్గరికి పోవడం ఆ రెండూ అయ్యాకే.

ఇంతసేపూ విన్నారు. మీ ఇంట్లో పొయ్యి వెలుగుతూ ఉండాలి, మీ గడపలో అందరూ ఒకరినొకరు నమ్ముకుని నిండుగా బతకాలి.