అగ్నిపర్వతం మీద అత్తమ్మను వదిలేశాను

మాది భూపాలపల్లి. మావారు బొగ్గుగనిలో పనిచేస్తారు. ఈ ఎండాకాలం అత్తమ్మను తీసుకుని ఇండోనేషియా టూర్ వెళ్లాం. ఒకరోజు మమ్మల్ని పడవలో ఒక చిన్న దీవికి తీసుకెళ్లారు. దీవి నడుమ ఇంకా పొగలు కక్కుతున్న అగ్నిపర్వతం ఉంది. పడవలో వాంతులై నీరసపడిన మావారు ఒడ్డునే కూర్చున్నారు. "అమ్మ చెయ్యి ఇడువకు, పైలం" అని నాకు మరీ మరీ చెప్పారు.

గైడ్ అందరికీ హెల్మెట్లు ఇచ్చి, "చప్పుడు వినబడితే పరుగెత్తొద్దు. పక్కవాళ్లను పట్టుకుని నిలబడండి" అన్నాడు. గంధకం వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా ఎక్కింది.

అంచు దగ్గరికి చేరామో లేదో, కాళ్ల కింద నేల అదిరింది. లోపలి నుంచి ఉరుములాంటి మోత, నల్లటి పొగ!

నేను చెయ్యి విదిలించుకుని పరుగు లంకించుకున్నాను. ఒడ్డు చేరేదాకా వెనక్కి చూడలేదు.

"అమ్మేది?" అన్నారు మావారు.

నేను అప్పుడు వెనక్కి తిరిగి కొండ వైపు చూశాను. ఆయన పైకి ఉరకబోయేంతలో గైడ్ భుజం పట్టుకుని అత్తమ్మ కుంటుతూ దిగొచ్చింది. మోకాలు గీరుకుపోయి నెత్తురు కారుతోంది. మోత అప్పుడే ఆగిపోయిందట.

కొడుకు ముఖం చూసి, "దాన్నేమనకు బిడ్డా. నేనే ఉరుకుమన్న" అంది.

సాయంత్రం హోటల్లో ఆమె మోకాలికి మందు రాస్తూ, "అత్తమ్మా, మీరు నన్ను ఉరుకుమనలేదు కదా" అన్నాను.

"అననిస్తివా? అప్పటికే పోతివి!" అని నవ్వింది.

ఆమెతో పాటు నవ్వుదామనుకున్నాను. తల ఎత్తలేకపోయాను.