జయరాజు సారు గొంతు

కూతురికి లెక్కల ట్యూషన్ పెట్టించబోయి ఇంటిల్లిపాదినీ నిద్రపుచ్చిన తండ్రిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఈ పక్కకు తిరగండి, నేనే. ఆరేళ్ల కిందటి ఆ ఘనకార్యాన్ని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంటుంది. ఆమెకంటే ముందు నేనే చెప్పుకుంటే పరువు గుప్పెడైనా మిగులుతుందని ఆశ.

మాది ఎర్రగుంట్ల. సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. వారానికో షిఫ్టు మారీ మారీ నిద్ర నన్ను ఏనాడో వదిలేసింది. మా హర్షిత అప్పుడు ఎనిమిదో తరగతి. అన్నిట్లో చురుకే గానీ, బీజగణితం కనబడితే ఎండకు వాడిన తోటకూరలా తల వాల్చేసేది. యూనిట్ టెస్టులో ఇరవై ఐదుకు ఆరు మార్కులు. ఆ కాగితం రెండు రోజులు దిండు కింద దాచుకుని ఏడ్చిందట.

"మంచి సారును చూడయ్యా. పిల్ల శానా భయపడతాంది" అంది మా ఆవిడ సుశీల.

"నేను చూస్తే తిరుగుండదులే" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

వచ్చిన సారు ఎవరైనా మా ఇంట్లో ఒక పాఠం చెప్పాలి, నేను విని తేల్చాలి. అదీ నా పద్ధతి. మొదటాయన అరుపులకు నాకు తలనొప్పి వచ్చింది. రెండో ఆయన, "అన్నా, నీకు ఏ క్లాసు వరకు లెక్కలు గుర్తుండాయి?" అని నన్నే అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన ఓడిపోయాడు.

మూడో ఆయన జయరాజు సారు. హైస్కూల్లో చెప్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చిలో ఆయన వాక్యం చదువుతుంటే రోడ్డు మీద లారీలు కూడా హారన్ కొట్టడం మరిచిపోతాయని ఊళ్లో చెప్పుకునేవారు.

"ఎక్స్ అంటే మనకు తెలియని సంఖ్య తల్లీ. తెలియదని భయమేల? అది యాడికీ పోదు. మనమే మెల్లగా దాని దగ్గరికి పోదాం..."

ఏం గొంతండీ అది! వెన్నెల్లో ఎవరో దూది ఏకుతున్నట్టుంది. కిటికీ అవతల నాపరాళ్ల గోడ మీద సాయంకాలపు ఎండ వాలింది. గాలిలో సిమెంటు దుమ్ము బంగారు పొడిలా తేలుతోంది. పుస్తకంలోని ఎక్స్‌లన్నీ రెక్కలు విప్పి కొంగల్లా లేచి పెన్న మీదుగా ఎగిరిపోతున్నాయి. ఎక్కడో కారు ఆగింది. అందులోంచి మా హర్షిత కలెక్టరుగా దిగింది. వెనకాల ఫైళ్లు మోస్తూ నేను...

కళ్లు తెరిచేసరికి టీ మీద మీగడ కట్టి ఉంది.

"పాఠం ఎట్లుండాదప్పా?" అన్నారు సారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

"అద్భుతం సార్! రేపట్నుంచే వచ్చేయండి."

ఆయన వెళ్లాక సుశీల నిలదీసింది. "గురక పెడతాంటివి గదయ్యా!"

"అది ఏకాగ్రత. నీకు తెల్దులే."

అలా మూడు నెలలు మా ఇల్లు కలల్లో తేలింది. సాయంత్రం ఆరయ్యేసరికి మా అమ్మ స్తంభానికి ఆనుకుని, సుశీల సగం ఒలిచిన చిక్కుడుకాయలు ఒళ్లో పెట్టుకుని, హర్షిత పుస్తకం మీదికి వంగి... నా సంగతి చెప్పేదేముంది? నిద్ర సుఖమెరుగదంటారు. మా నిద్ర లెక్కలు కూడా ఎరగలేదు.

"పాఠం ఎట్లుండాది పాపా?" అని అడిగేవాణ్ణి.

"శానా హాయిగా ఉంటాది నాయనా" అనేది. లెక్కల పాఠం హాయిగా ఉండడమేమిటని నాకు తట్టనే లేదు!

త్రైమాసిక పరీక్షల తర్వాత బడి నుంచి పిలుపొచ్చింది. వెళితే టీచరమ్మ జవాబు పత్రం నా ముందు పెట్టింది. మొదటి రెండు లెక్కలూ ముత్యాల్లాంటి అక్షరాలు. మూడో లెక్క మధ్యలో పెన్ను జారి, కాగితం అంచు దాకా ఒకటే గీత. వందకు పదకొండు.

"పరీక్షలో నిద్రపోయిందన్నా మీ పాప. నేనే తట్టి లేపితి."

ఇంటికొచ్చే దారిలో హర్షిత కళ్లు నిండిపోయాయి. "లెక్క చదువుతాంటే సారు గొంతు వినపడతాది నాయనా. కండ్లు వాటికవే మూసుకుపోతాయి. నాకు ఏ సారు కావాలో నువ్వు ఒక్కతూరి గూడా అడగల్యా."

ఆ మాటతో నా మత్తంతా వదిలింది. బండి పక్కకు ఆపి అడిగాను. వెనక వీధి రెహానా కావాలంది. డిగ్రీ చదివే అమ్మాయి. కూర్చోనివ్వదట, బోర్డు దగ్గర నిలబెట్టి చేయిస్తుందట. ఆ వారమే చేర్పించాను. వార్షిక పరీక్షకు అరవై నాలుగు వచ్చాయి. ఆ కాగితాన్ని హర్షిత తనే తెచ్చి నా చేతిలో పెట్టింది.

రెహానా దగ్గర చేర్పించిన రోజే, మొహం చెల్లకపోయినా, జయరాజు సారు ఇంటికి వెళ్లాను. విషయం చెప్పి నసిగాను. "మేమంతా నిద్రపోతాంటే ఒక్కతూరన్నా లేపల్యా సార్?"

ఆయన నొచ్చుకున్నారు. "మొదటి రోజే లేపబోయినప్పా. కండ్లు మూసుకునే నా చెయ్యి పట్టుకుని, 'ఆపొద్దు సార్, ఎన్నేండ్లకో నిద్ర పట్టినాది' అంటిరి. ట్యూషన్ మీకే అనుకున్యా. పాప మీకు తోడు కూర్చుంటాందేమో అనుకుంటి."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా వంశంలో ఏ పిల్లకు ట్యూషన్ పెట్టాలన్నా మొదట ఆ పిల్లనే అడుగుతాను. పాఠం మాత్రం నిలబడి వింటాను, అదీ గోడకు ఆనుకోకుండా.