కొట్టేసిన సంతకం

మా తెలుగు చర్చిలో కుటుంబానికి ఒకటే ఓటు. అది ఇంటి మగవాడు వేస్తాడు. అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోకి వచ్చిన ఆరేళ్లలో నేను ఈ సంగతి ఎన్నడూ పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసింది మా పక్కింటి మెక్సికో ముసలావిడ.

ఆవిడకు తొంభై దాటాయి. తన దేశం తరఫున దౌత్య ఉద్యోగంలో ఊరూరా తిరిగి, రిటైరయ్యాక కూతురి దగ్గరకు వచ్చేశారు. కూతురు ఆస్పత్రిలో నర్సు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేసే వీల్లేదు. మధ్యాహ్నాలు కాసేపు అమ్మ దగ్గర కూర్చుంటావా అని ఆమె అడిగితే సరేనన్నాను. అంత పెద్దావిడను పేరు పెట్టి పిలవలేక ఆంటీ అన్నాను. మనకు చుట్టరికం ఎప్పుడు కలిసిందో నా ఫైళ్లలో ఎక్కడా లేదే అని నవ్వారావిడ. తర్వాత ఆ పిలుపుకే పలికేవారు.

ఆవిడ నాటకాలు కూడా రాశారు. చూపు బాగా తగ్గడంతో, ఇంగ్లీషులోకి తానే తిరగరాసుకున్న ప్రతులను నా చేత చదివించుకునేవారు. నేను గబగబా చదివేస్తే వేలితో మంచం పట్టె మీద కొట్టి ఆపేవారు. అక్కడ ఆ మనిషి ఊపిరి పీల్చుకోవాలి, పీల్చుకోనివ్వు అనేవారు.

వాళ్ల దేశంలో ఆడవాళ్లకు ఓటు రాకముందు, ఇరవై ఏళ్లయినా నిండని వయసులో, ఆవిడ సంతకాల కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారట. భార్య వెనకాలే నిలబడి ఉండగా ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరని చెప్పి తలుపు వేసిన మగవాళ్లు ఉన్నారట. రొట్టెల పిండి అంటిన వేలితోనే కాగితం మీద ముద్ర వేసిన ఒకామెను మాత్రం చాలాసార్లు తలుచుకునేవారు.

ఆ రోజుల్లోనే మా చర్చిలో కమిటీ ఎన్నిక వచ్చింది. మా సంఘంలో ఒకావిడ ఉన్నారు, అక్కా అని పిలిచేదాన్ని. క్లినిక్‌లో పనిచేస్తారు. ఏడాది కిందట భర్త పోయారు. ఆ ఆదివారం చేతులెత్తమన్నప్పుడు ఆవిడా ఎత్తారు. సెక్రటరీ గారు లెక్కపెడుతూ వచ్చి, ఆవిడ దగ్గర ఆగి, "అది లెక్కలోకి రాదమ్మా," అన్నారు. ఆవిడ మెల్లిగా చెయ్యి దించి ఒళ్లో పెట్టుకున్నారు.

మర్నాడు ఇదంతా ఆంటీకి చెప్పాను. ఆవిడ నన్ను వరసగా అడిగారు. నీకు ఈ దేశంలో ఓటు ఉందా? లేదు. మీ ఊళ్లో? వెళ్లి వేసి చాలా ఏళ్లయింది. మరి దేవుడి ఇంట్లో? "కాగితం తీసుకో," అన్నారు.

విన్నపం ఆవిడ చెబితే నేను తెలుగులో రాశాను. వయసొచ్చిన ప్రతి సభ్యురాలికీ ఓటు ఉండాలని, అంతే. అక్కా నేనూ కలిసి తిరిగాం. ఇళ్లకు డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాం, ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో కాగితం కారు బానెట్ మీద పెట్టి కూడా సంతకాలు చేయించాం. మూడు వారాల్లో ముప్ఫై ఒక్క మంది సంతకం పెట్టారు.

కాగితం పాస్టర్ గారికి అందిన వారంలోనే, సంతకం పెట్టినవాళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలయ్యాయి. ఒకామె ఏడ్చారు. ఒకామె పొరపాటున పెట్టానన్నారు. ఒకామె ఏమీ చెప్పకుండా, నా పేరు తీసెయ్యవా అని మాత్రం అడిగారు. పేరు తీసేయాలంటే చర్చి ఆఫీస్ గదిలోకి వెళ్లి స్వయంగా కొట్టేయాలి. ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి వచ్చారు.

శనివారం భోజనాల దగ్గర మా ఆయన అన్నారు: "సెక్రటరీ గారు మా ప్రాజెక్ట్‌కి మేనేజర్. వచ్చే నెల నా వీసా ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేయాలి. ఆయన ఏమీ అనలేదు. మీ ఆవిడ బాగున్నారా అని అడిగారు, అంతే."

"మీరు నన్ను పేరు తీసేయమంటున్నారా?"

"నేనేమీ అనట్లేదు. పిల్ల స్కూల్ గురించి ఆలోచిస్తున్నాను."

ఆదివారం ఆరాధన అయ్యాక ఆఫీస్ గదికి వెళ్లాను. కాగితం నిండా గీతలే ఉన్నాయి. నా పేరు మీద కూడా గీత గీశాను. మిగిలింది అక్క పేరు ఒక్కటే.

అప్పటికి ఆంటీ మంచం దిగడం లేదు. ఇంక మందులు పనిచేయవని డాక్టర్లు చెప్పేశారు. నేను వెళ్లగానే ఏమైందని అడిగారు. గెలిచామని చెప్పాను.

"ఎంతమంది కాదన్నారు?"

"ఎవరూ కాదనలేదు ఆంటీ. అందరూ చేతులెత్తారు."

ఆవిడ వేలితో మంచం పట్టె మీద కొట్టారు. తర్వాత, "ఇది బాగా రాయలేదు నువ్వు," అన్నారు. "కాదనేవాడు ఒక్కడూ లేకుండా మాకు ఎవరూ ఏదీ ఇవ్వలేదు. కాగితంలో నీ పేరు ఉందా?"

ఉందన్నాను. ఆవిడ నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకున్నారు. కోపంగా కాదు. బరువైనదేదో పక్కన పెడుతున్నట్టు.

ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. నిజం చెప్పేద్దామని మర్నాడు వెళ్లేసరికి అప్పటికే నొప్పి మందు ఇచ్చేశారు. కళ్లు సగం మూసి స్పానిష్‌లో ఏదో గొణుగుతున్నారు. ఇంగ్లీష్ అర్థమయ్యే స్థితి దాటిపోయింది. నేను పక్కన కూర్చుని మొత్తం తెలుగులోనే చెప్పాను, ఆఫీస్ గది సంగతి, గీత సంగతి, మా ఆయన వీసా సంగతి. ఆవిడ కళ్లు పైకప్పు వైపే ఉన్నాయి. వంటింట్లోంచి కూతురు వచ్చి, ప్రార్థన చేస్తున్నావా అని అడిగింది. అవునన్నాను. మూడో రోజు ఆవిడ పోయారు.

ఒక్క సంతకంతో విషయం చర్చకు తీసుకోలేమని పాస్టర్ గారు వేదిక మీంచి చెప్పారు. అక్క ఆ తర్వాత మా చర్చికి రాలేదు. రెండు నెలలు ఆగి నేనే వాళ్లింటికి వెళ్లాను. అల్లం టీ పెట్టి ఇచ్చారు. క్షమించమని అడుగుదామని వెళ్లిన దాన్ని, కప్పు పట్టుకుని కూర్చున్నాను.

"మీ ఆయన ఎక్స్‌టెన్షన్ వచ్చిందా?" అని ఆవిడే అడిగారు.

"వచ్చిందక్కా."

"మంచిది," అన్నారు.

ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని ఆవిడ ముఖంలో వెతికాను. లేదు. నిజంగానే మంచిదన్నారు. టీ చల్లారిపోతోంది తాగు అని, బిస్కెట్ల పళ్లెం నా వైపు జరిపారు.