సరస్సు అడుగున గొలుసు

పరిశోధన కేంద్రంలో ఆమెను అందరూ బురదమ్మ అనేవాళ్ళు. మొదట్లో ఎవరో వెటకారానికి పెట్టిన పేరది. ఆమె మూతి ముడుచుకోలేదు సరికదా, ఫోనెత్తి "బురదమ్మను మాట్లాడుతున్నానండీ" అని తనే చెప్పుకోవడం మొదలుపెట్టింది. దాంతో వెటకారం చేసినవాళ్ళ సరదా కాస్తా తీరిపోయింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. చేసే పనీ అదే కదా మరి. పడవ మీద సరస్సు లోపలికి పోయి, పొడవాటి గొట్టాన్ని అడుగుదాకా దింపి, బురదను పొర చెదరకుండా పైకి తీయాలి. దాని మీద సరస్సు నీళ్ళు అలాగే నిలిచి ఉండాలి. రెండు వైపులా మూతలు బిగించి, చంటిపిల్లను తెచ్చినట్టు నిటారుగా పట్టుకుని ఒడ్డుకు తెచ్చి చల్లగదిలో పెట్టాలి. దారిలో చెయ్యి కాస్త వంకరపోయిందా, పొరలన్నీ కలిసిపోయి ఆ రోజు పడ్డ చాకిరీ అంతా దండగ. ఆమె చెయ్యి వంకరపోయేది కాదు.

అదేమన్నా చిన్నా చితకా సరస్సా? ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనిపించదు. ఊరంతటికీ తాగునీళ్ళు అందులోంచే. అలాంటి సరస్సు కొన్నేళ్ళుగా ఎండలు ముదిరేసరికి పచ్చరంగు డబ్బా ఒలకబోసినట్టు తయారయ్యేది. నాచు దట్టంగా తేలేది, చేపలు తెల్లగా వెల్లకిలా పడేవి, నీళ్ళ పంపులు ఆగిపోయేవి, ఆ కంపుకు ఒడ్డు ఇళ్ళలో తలుపులు తీసేవాళ్ళు కాదు. తప్పెవరిదంటే ఎవరికి వాళ్ళే ఎదుటివాళ్ళ వైపు వేలు చూపించేవాళ్ళు. రైతులేమో ఊరి మురుగంటారు, ఊళ్ళోవాళ్ళేమో పొలాల ఎరువంటారు, చేపలు పట్టేవాళ్ళు ఇద్దరినీ కలిపి తిడతారు. అసలు సంగతి తేల్చడానికే ఆ కేంద్రం పెట్టారు. దాని పెద్ద మేడమ్‌కు కోపం ముక్కుమీదే ఉండేది కానీ, లెక్కలో తేలింది మార్చి చెప్పే మనిషి కాదు.

ఇక ఇల్లు. బురదమ్మ కాపురానికి వచ్చింది ఒడ్డునే ఉన్న చేపలవాళ్ళ పేటకు. మొగుడు లారీ తోలతాడు, ఇంటికి చుట్టంచూపుగా వస్తాడు. చదువు సగంలో ఆగిపోయిన కోడల్ని మళ్ళీ కాలేజీలో చేర్పించిందీ, అత్తగారు సణుగుతుంటే వినీ విననట్టు నటిస్తూ రోజూ తన పడవలో ఊరి రేవుకు దించి తెచ్చిందీ మామగారే. ఆయన్ని పేటలో పెద్దయ్య అనేవాళ్ళు. వలలు చిక్కుపడ్డా, అన్నదమ్ములు తగువుపడ్డా ఆయన అరుగు దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయన ఒక మాటన్నాడంటే దానికి తిరుగులేదు. అబద్ధమాడగా విన్నవాడు పేట మొత్తం మీద ఒక్కడూ లేడు.

ఆ పేటవాళ్ళకు ఒక పద్ధతుండేది. రెండు పడవల మధ్య బరువైన ఇనుప గొలుసు కట్టి అడుగున ఈడ్చుకుపోతారు. బురదలో దాక్కున్న చేప బెదిరి పైకి లేస్తే, వెనకాల వచ్చే పడవ వల వేస్తుంది. నాచు వచ్చి చేపలు అడుగంటాక ఆ గొలుసులు మూలపడ్డాయి. పెద్దయ్య వాటిని మళ్ళీ బయటికి తీయించాడు. అడుగు మురిగిపోయింది, కదిపితే నీళ్ళకు ఊపిరాడుతుంది అన్నాడు. లాగి చూశారు. చెప్పొద్దూ, నాచు మాయమైంది. నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరిగి, పచ్చదనం కొద్దిరోజులపాటు కంటికి కనపడకుండా పోయింది. పేటంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. అప్పట్నించీ చలి తగ్గింది మొదలు తెల్లారేసరికి గొలుసులు దిగేవి. నాచు మళ్ళీ వస్తే ఇంకా గట్టిగా లాగేవాళ్ళు. చేపల కోసం కాదు, పైసా వచ్చేది లేదు. సరస్సు బాగుపడాలని అంత వయసులో అంత బరువు లాగేవాడా మనిషి.

ఆ చలికాలం అత్తగారు పోయింది. పెద్దయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. కంచం చేతిలో పెడితే తినేవాడు, లేకపోతే అదీ లేదు. తలుపు దగ్గర నిలబడి పలకరించిన వాళ్ళకు తల ఊపేవాడు, అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే చల్లగదిలో ఫలితం తేలింది. పేట రేవులోంచి తెచ్చిన బురద గొట్టాల్లో కొన్నింటిని మేడమ్ అలాగే వదిలేయమంది, కొన్నింటిని రోజూ పొద్దున్నే పుల్లతో కదపమంది, గొలుసు కదిపినట్టే. కదపని వాటిలో నీళ్ళు తేటగానే ఉన్నాయి. కదిపినవి మట్టిరంగుకు తిరిగాయి, తేరుకున్నాయి, ఆ తర్వాత దీపం వెలుగులో పెడితే చిక్కగా పచ్చబడ్డాయి. నమ్మలేక మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. గొలుసు ఎరగని కొండ రేవు బురద తెచ్చి చేసినా అదే వరస.

మేడమ్ విడమరిచి చెప్పింది. ఏళ్ళ తరబడి పొలాల ఎరువులో భాస్వరం, ఊరి మురుగులో భాస్వరం కొట్టుకొచ్చి అడుగున పేరుకుపోయింది. నాచుకు అదే మేత. బురద మీద పాల మీగడలా పల్చటి తుప్పురంగు పొర ఒకటి దాన్ని పట్టి ఉంచుతుంది. గొలుసు ఆ పొరను చీరేస్తోంది. లేచిన మట్టి నాచును కాసేపు కప్పుతుంది, లేచిన మేత దాన్ని తెగబలిపిస్తుంది. అసలు పాపం ఎరువుదీ మురుగుదీనే. కానీ పక్కనున్న కొండ రేవు కంటే పేట రేవు ఇంతగా పాడవడానికి కారణం మాత్రం గొలుసే. నివేదిక పైవాళ్ళు చూసి బయటికి వదిలేసరికి ఏడాది పడుతుంది, గొలుసులు దిగేలోపే పేటవాళ్ళకు చెప్పాలి అంది మేడమ్. "నేను చెబితే తరిమికొడతారు. నువ్వు వాళ్ళ మనిషివి. నువ్వు చెప్పు."

సరేనంది బురదమ్మ. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో మనసులో వల్లె వేసుకుంటూ ఇంటికొచ్చింది. వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. పాలాయన వచ్చి, పెద్దయ్యా గొలుసులు దించుదామా అని అడిగాడట. ఈ పాలాయన ఒకప్పుడు పెద్దయ్యకు జోడీ పడవవాడు, చేపలు పోయాక రెండు ఆవులు కొనుక్కుని పాలు పోస్తున్నాడు. ఆ ఒక్క మాటకు పెద్దయ్య లేచి, గెడ్డం గీసుకుని, అరుగు మీద గొలుసుకు చమురు రాస్తున్నాడు. కోడల్ని చూసి ఆకలేస్తోందన్నాడు. ఆమె వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుని అన్నం వడ్డించింది. చెప్పాల్సిన మాట చెప్పలేదు.

రేపు చెబుదామనుకుంది. ఆ రేపు ఎన్నటికీ రాలేదు. రోజూ ఆయన తడిసిన బట్టలతో వచ్చి, చేతులు బొబ్బలెక్కినా మొహం వెలుగుతుంటే, దాన్ని తన నోటితో ఆర్పడమెలాగో ఆమెకు తెలియలేదు. మేడమ్ నిలదీసింది. మొదటిసారి నీళ్ళు నమిలింది. రెండోసారి, "చెప్పాను మేడమ్, మామయ్య వినడం లేదు" అనేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! మామగారి మీద ప్రేమ అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ప్రేమట. ఆ పేరు పెట్టుకుంటే ఏ పిరికితనమైనా ముద్దొస్తుంది.

ఆ వేసవిలో నాచు ఎన్నడూ లేనంతగా వచ్చింది. కాలు పెడితే చీలమండకు పచ్చగా అంటుకునేది. ఆ నాచులో విషం పుడుతోందనీ, నీళ్ళు ముట్టుకోవద్దనీ ఊళ్ళో మైకులో చెప్పించారు. మనుషులు విన్నారు. పాలాయన ఆవులు కట్టు తెంచుకుని రేవులోకి పోయి కడుపునిండా తాగాయి. ఎండ నడినెత్తికి రాకముందే రెండూ ఒడ్డున పడిపోయాయి. పాలాయన భార్య వాటి పక్కన కూలబడి, ఒకదాని మెడ నిమురుతూ అలాగే ఉండిపోయింది. ఆ ఇంటికి ఉన్న ఆధారం అదే. పెద్దయ్య ఆ రోజంతా పాలాయన భుజం మీద చెయ్యి తీయలేదు. ఇంటికొచ్చి, చాల్లేదమ్మా, ఇంకా లోతుగా లాగాలి అన్నాడు. కోడలు మర్నాడు సాయంత్రం ఏమైనా సరే చెప్పేయాలని ఒట్టు పెట్టుకుంది.

సాయంత్రం దాకా ఎక్కడ? ఆవులు చచ్చాయని తెలిసి మేడమ్ పొద్దున్నే పరీక్షకు నీళ్ళు పట్టుకోవడానికి రేవుకు వచ్చింది, బురదమ్మనూ వెంటబెట్టుకుని. పేటవాళ్ళు మూగారు. పాలాయనా ఉన్నాడు. పెద్దయ్య పడవలో గొలుసు చూసేసరికి మేడమ్‌కు ఒళ్ళు మండిపోయింది.

"పెద్దాయనా, ఈ గొలుసే నాచుకు మేత వేస్తోందని చలికాలంలోనే మీ కోడలి చేత చెప్పించాను కదా. విననని మొండికేశారట. ఇప్పుడు చూడండి ఏమైందో" అంది.

పెద్దయ్య కోడలి వైపు చూశాడు. ఆమె చేతిలో సీసా పట్టుకుని తల దించుకుంది. ఆయనకు అర్థం కావడానికి అంతకంటే ఏం కావాలి?

పాలాయన ముందుకొచ్చాడు. "నీకు తెలుసా పెద్దయ్యా?"

"చెప్పింది. నేనే వినలేదు" అన్నాడు పెద్దయ్య.

బురదమ్మ సీసా మూత బిగించింది. పాలాయన తిట్టలేదు, కొట్టలేదు. పెద్దయ్య మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అతని వెనకే ఒకరొకరుగా అందరూ కదిలారు. పెద్దయ్య పడవలోకి వంగి గొలుసును తనొక్కడే ఒడ్డుకు లాక్కున్నాడు, సాయం పట్టడానికి ఎవరూ లేరు.

ఇంటికొచ్చాక ఆమె ఆయన కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. ఆయన, ఎందుకు చెప్పలేదమ్మా అని మాత్రం అడిగాడు.

"అత్తయ్య పోయాక మిమ్మల్ని లేపి నిలబెట్టింది ఆ గొలుసొక్కటే మామయ్యా. దాన్ని నా నోటితో ఎలా లాక్కునేది?"

"గొలుసు కాదు తల్లీ. వాళ్ళు నన్ను నమ్మి పిలిచారు, అందుకు లేచాను. నువ్వు చెప్పుంటే ఆ పూటే మానేసి, వాళ్ళ చేతా మాన్పించేవాణ్ణి. ఆ మాత్రం మనిషిని కానా నేను?"

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. ఇప్పుడే పోయి పాలాయనకు జరిగిందంతా చెప్పేస్తానంది. ఆయన గడపకు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"వద్దు. రేపు ఈ నీళ్ళు ముట్టుకోవద్దని వాళ్ళకు చెప్పాల్సింది నువ్వే. నీ మాట నమ్మడం మానేస్తే పిల్లలు చస్తారు. నన్ను నమ్మకపోతే ఏమవుతుంది? ముసలాణ్ణి."

ఆమె ఆగిపోయింది. ఆయన ఆపాడనే ఆగిందో, ఆపితే బాగుండునని లోపల ఎక్కడో ఉండబట్టే ఆగిందో, ఆమెకే తెలియదు.

గొలుసులు మళ్ళీ దిగలేదు. మరుసటి వేసవి పేట రేవులో నాచు కాస్త పల్చబడింది, పోలేదు. ఎరువూ మురుగూ వస్తూనే ఉన్నాయి, అడుగున ఉన్నది తరిగేసరికి ఒక తరం గడుస్తుందంది మేడమ్. పెద్దయ్య అరుగు మీదికి తగువులు రావడం మానేశాయి. ఆయన పగలంతా గుమ్మంలో కూర్చునేవాడు, దారినపోయేవాళ్ళు తల తిప్పుకుని పోయేవాళ్ళు. వానలు పట్టిన రోజుల్లో జ్వరం వచ్చి పోయాడు. లారీ కొడుకు వచ్చి అంతా చూసుకున్నాడు. కోడలి మొహం చూసి నలుగురైదుగురు వచ్చారు. పాలాయన చివరిచూపుకు కూడా రాలేదు.

బురదమ్మ ఇప్పటికీ ఎండాకాలం వస్తే పేటలో గడప గడపకూ తిరిగి, నీళ్ళెలా ఉన్నాయో చెబుతుంది. ఆమె ముట్టుకోవద్దన్న నీళ్ళను ఎవరూ ముట్టుకోరు. పాలాయన అప్పో సప్పో చేసి మళ్ళీ ఒక ఆవును కొన్నాడు. మొన్న ఆయన గుమ్మంలో నిలబడి, వారం రోజులు దాన్ని రేవువైపు వదలొద్దు బాబాయ్ అని చెప్పింది. సరేనన్నాడు. ఎండలో వచ్చావు, కూర్చోమన్నాడు. మంచినీళ్ళిచ్చాడు. ఆమె గ్లాసు ఎత్తబోతుంటే, ఎప్పట్నించో మనసులో ఉన్న మాట అన్నట్టు, "నీ మీద మాకేం లేదమ్మా. నువ్వు ముందే చెప్పావు. ఆ ముసలాడే వినలేదు" అన్నాడు.

ఆమె నీళ్ళు తాగింది. గ్లాసు అరుగు మీద పెట్టి, వస్తాను బాబాయ్ అని చెప్పి, పక్కింటి తలుపు కొట్టింది.