గ్లాసులో ఆనకట్ట

ఆనకట్ట ఊట చూసే ఇంజనీరు రోజూ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, రాళ్లగట్టు కింద గొంతుక్కూర్చుంటాడు. గట్టులోంచి ఊరి వచ్చే నీళ్లని గాజుగ్లాసులో పట్టి ఎండకెత్తి చూస్తాడు. "కారని ఆనకట్టనీ, గురకపెట్టని మొగుణ్నీ నేనెక్కడా చూడలేదు" అంటాడు, నీళ్లు తేటగా ఉన్నన్నాళ్లూ.

ఒకరోజు గ్లాసులో బురద తేలింది. నవ్వు మాయమై, నీటిమట్టం దించమని పై అధికారికి ఫోన్ చేశాడు.

"రేపు పెద్దలొస్తున్నారయ్యా! జలాశయం నిండుగా కనపడాలి" అన్నాడు అధికారి.

"గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోంది సార్. నిండుగానే ఉంచితే పెద్దలు ఈదుకుంటూ వెళ్లాలి."

గేట్లెత్తారు. నీళ్లు దిగాక, గట్టు కుంగినచోట నీళ్లవైపు పరిచిన కాంక్రీటు పలకల మధ్య చెయ్యి దూరేంత చీలిక బయటపడింది. మర్నాడు పెద్దలు దాని ముందు నిలబడి, కనిపెట్టింది తామే అన్నట్టు ఫొటో దిగారు. ఇంజనీరుని మాత్రం పక్కకి జరగమన్నారు, చీలికకి అడ్డమొస్తున్నాడట.